పన్నెండు నంబర్ పానా

మొన్నటి వానకు కొత్తవాడ గల్లీల మోకాలుమంటి నీళ్లు.
ఓమ్ని కొట్టుకపోతదని
మార్కండేయులు హ్యాండ్ బ్రేకు గుంజి
నాలుగు టైర్లకు నాలుగు బండరాళ్లు పెట్టిండు.
నీళ్లు వాటంతటవే పోయినయి. రాళ్లు మేం తీసినం.
లీవరు సుత కిందికి దించినం.
వెనక చక్రాలు రెండు మాత్రం
మాట వినలే.

మూడు నెలలు రేకుల కింద నిలవడ్డది బండి.
జంపఖానాలు ఆటోల పోయినయి,
కిరాయి లెక్క గోడ మీద బొగ్గుతోని రాసుకుంట పోయిన:
నూట అరవై, నూట అరవై,
వాన పడ్డనాడు రెండొందలు.
మండిబజార్ ఖాజా ఫోన్ల చెప్పిండు,
"డ్రమ్ములు ఊడయి అక్కా, కోసుడే. మూడువేల ఐదొందలు."
గోడ దిక్కు చూసిన. ఫోన్ పెట్టేసిన.

ఆదివారం ఆయన పరకాలకు పెండ్లికి పోయిండు.
జాకీ ఎత్తి నాలుగు నట్లు ఇప్పిన,
చక్రం అలిగిన చుట్టం లెక్క గోడకు ఒరిగింది.
లోపల బోర్లిచ్చిన అటికె తీరు డ్రమ్ము,
దాని మీద జంగు.
రంగు బట్టీ కాడ పద్దెనిమిదేండ్లు నిలవడ్డదాన్ని,
ఈ రంగు ఏ డబ్బాల చూడలే.
ఇటుక కాదు, కాచు కాదు,
ఎండిన నెత్తురంటే మరీ ఎక్కువ చేసినట్టు.

సుత్తెతోని కొట్టిన.
గల్లీ అంతకు వినవడ్డది, డ్రమ్ముకు వినవడలే.
అంచుల్ల డీజిల్ పోసి
పొద్దెక్కేదాక ఆగి మల్ల కొట్టిన.
ఎదురింటి సారంగం సారు పేపరు మడిచి
"ఆడోళ్లు చేసే పనా" అనలే, గంత మంచోడే,
"బలం సాలదమ్మా" అన్నడు.
ఆయనొచ్చి కొట్టిండు. ఆయనకూ సాలలే.

బలం గాదు సారూ.
చిక్కు పడ్డ పోగును గుంజితె తెగుతది,
మగ్గం కాడ నేను తిన్న మొదటి తిట్టు అదే.
ఎంత చిక్కుకైనా ఓ వదులు మూల ఉంటది.
వేలుకు ముందు దొరుకుతది, కండ్లకు తర్వాత.

పాత చీరె పేలికతోని తుడిచిన.
జంగు కింద, ఎదురెదురుగ,
రెండు సన్నని బెజ్జాలు. లోపల మరలు.
ఎవరో జపాను దేశపోడు
ఇది ఓనాడు పట్టుకుంటదని ముందే ఎరికై
రెండు కిటికీలు ఇడిచిపెట్టిండు.

పోచమ్మమైదాన్‌ల ఎనిమిది నంబర్ బోల్టులు రెండు,
పన్నెండు రూపాయలు.
సింధూజ సెల్లు లైటు పట్టింది.
ఇటొక పావు చుట్టు, అటొక పావు చుట్టు,
కుడికాలు ఎంత తొక్కితే ఎడమకాలు అంతే,
ఒకదానికి ఎక్కువిస్తే బట్ట వంకర పోతది.
ఇటొక పావు.
అటొక పావు.
బోల్టు కిర్రుమంటే నా పండ్లల్ల వినవడ్డది.

టక్.

పిల్ల లైటు పడేసింది.
డ్రమ్ము గోరు మందం జరిగింది.
ఈ ఏడు గంత పెద్ద సప్పుడు నేను వినలే,
పిడుగులను సుత లెక్కల తీస్కొని.

లోపల నాలా ఇసుక, గింజంత నత్తగుల్ల,
ఇనుము మీద బ్రేకు షూ పడ్డ అచ్చు.
ఆ రాత్రి పట్టుకో అన్నం, పట్టుకున్నది.
ఇడువు అన్న మాట దానిదాక పోనే లేదు,
తీగె నడుమనే జంగువట్టి మింగింది.
మూడు నెలల సంది నేను దీన్ని
మొండిముండ అని తిడుతున్న.

ఉప్పుకాయితం పట్టిచ్చి, తీగెకు నూనె తాపి,
చక్రం ఎక్కిచ్చేవరకు చీకటైంది.
మార్కండేయులు లడ్డు పొట్లంతోని వచ్చి
కాలుతోని చక్రాన్ని తన్నిండు. తిరిగింది.
మల్లోసారి తన్నిండు.
"ఖాజా ఎంత తీస్కున్నడు?"
"పన్నెండు."
"పన్నెండొందలా!"
నేనేం అనలే. లడ్డు తిన్న.
కుడిపక్క చక్రం ఇంక అట్లనే ఉన్నది.